పెళ్లి చేస్తే మారతాడంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. ఆటోనగర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అనకాపల్లి సంబంధం చూడటానికి బయలుదేరుదామన్న రోజున, తనకు అమ్మాయిల మీద కాక అబ్బాయిల మీదే ఆకర్షణ కలుగుతుందని, పెళ్లి వద్దని నాతో చెప్పి ఏడ్చాడు. నా భర్త వాడితో మాట్లాడటం మానేశారు. విషయం తెలిసిన మా బావగారు, డాక్టరుకు చూపించి వెంటనే పెళ్లి చేసేస్తే దారిలో పడతాడంటున్నారు. నాకేమీ పాలుపోవడం లేదు.
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ పెళ్లిచూపులు ఆపించండి. పెళ్లితో మీ అబ్బాయి మారడు సరికదా, ఏ పాపమూ తెలియని మరో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా అందులో చిక్కుకుంటుంది. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దానిని వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. ఇటువంటివారిని మారుస్తామంటూ చేసే చికిత్సను వైద్యవృత్తికి తగని దుష్ప్రవర్తనగా పరిగణించాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర వైద్య మండళ్లకు తెలియజేసింది. కనుక మందులతోనో, భయపెట్టో మారుస్తామనేవారి వద్దకు, వారికి ఎన్ని పట్టాలున్నా సరే, అబ్బాయిని తీసుకువెళ్లకండి.

ఇది నేరమేమోనన్న భయమూ అక్కర్లేదు. వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో ఏర్పడే ఇటువంటి సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. మీ పక్క జిల్లాలోని నర్సీపట్నంలో తండ్రి ఇంట్లో నిర్బంధంలో ఉన్న ఒక యువతి, తాను కోరుకున్న స్త్రీతో కలిసి జీవించవచ్చని, ఆమె తల్లిదండ్రులు అడ్డు రాకూడదని మన హైకోర్టు 2024 డిసెంబరులో స్పష్టం చేసింది. అయితే ఇటువంటి జంటల వివాహానికి మన దేశంలో చట్టబద్ధమైన గుర్తింపు లేదు.

కోర్టులు చేయగలిగింది అంతవరకే. మీ అబ్బాయి ఈ ఒక్క మాట చెప్పడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో ఆలోచించండి. నడకలో కాస్త సుకుమారం కనిపించిన కుర్రవాణ్ణి ‘తేడా’ అని, ‘ఆడంగి’ అని మనం బడిలోనూ, పెళ్లి పందిట్లోనూ, చివరకు అన్నం తింటూ కూడా నవ్వుతూ అనేస్తాం. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర చేయి చాచిన హిజ్రాలను చూసి ముఖం తిప్పుకుంటూ మనం విసిరే మాటలను పక్కనున్న పిల్లవాడు వింటూనే ఉంటాడు. తన సంగతి బయటపడితే అమ్మానాన్నలు తననూ అలాగే అంటారని అప్పుడే నిశ్చయించుకుంటాడు. అద్దె ఇల్లు దొరకకపోవడం, ఉద్యోగంలో హేళన వంటివి తరువాత ఎదురవుతాయి. మొదటి దెబ్బ తగిలేది మాత్రం చాలామందికి సొంత ఇంట్లోనే. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ఇంకొక మాట, నిష్ఠూరంగా అనుకోకండి. అబ్బాయి మీకు చెప్పుకున్న సంగతి మీ బావగారి దాకా వెళ్లింది. ఇకమీదట ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో వాడినే నిర్ణయించుకోనివ్వండి. మీ భర్తకు కొంత సమయం పట్టవచ్చు. ఆ మౌనం తన తప్పు వల్ల కాదని అబ్బాయికి మీరు చెబుతూ ఉండాలి. వాడు నిద్ర, తిండి మానేసినా, మీకే గుండె బరువెక్కినా, మానసిక సమస్యలకు సలహాలిచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

బావగారు మళ్లీ సంబంధం ఊసెత్తినప్పుడు, ‘మా వాడు ఎలా ఉన్నా మా వాడే, ఈ పెళ్లి మాట ఇక వద్దు’ అని మీరే చెప్పండి. వాడు పక్క గదిలో ఉంటే వాడికి వినిపించేలా చెప్పండి.