కోడి నిజంగా డైనోసారేనా అని పిల్లలు అడిగితే

మీ బాబు రెండో తరగతి అని రాశారు. "పక్షులు కూడా డైనోసార్లే" అని ఎక్కడో విని, "అయితే ఆదివారం మనం తినేది డైనోసార్‌నా?" అని అడుగుతున్నాడట. అది నిజమేనా, ఆ వయసు వాడికి ఎలా చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

నిజమే. మొహమాటపడకుండా "అవును" అనేయండి. నేను ఖమ్మం జిల్లాలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పరిణామం పాఠం వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది. "పోలికలున్నాయి", "దూరపు సంబంధం ఉంది" అని నసిగితే పిల్లలకు ఏమీ అందదు. డైనోసార్లలో రెండు కాళ్ళ మీద నడిచే థెరోపాడ్లు అనే గుంపు ఉండేది, వాటిలో ఎక్కువ భాగం మాంసం తినేవి. ఆ గుంపులోని ఒక చిన్న శాఖ నుంచే పక్షులు వచ్చాయి.

అయితే ఒక్క విషయం మొదటే సరిచేయండి. టీ రెక్స్ చిక్కి చిక్కి కోడి అయిందని చాలామంది పిల్లలు అనుకుంటారు. టీ రెక్స్ బతికింది సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట. ఈకలు, రెక్కలు ఉన్న ఆర్కియోప్టెరిక్స్ అనే తొలితరం పక్షి అప్పటికే ఎంతో పాతది, దాని వయసు 15 కోట్ల ఏళ్ళు. కాబట్టి టీ రెక్స్ కోడికి తాత కాదు, పెదతాత వరస. మా క్లాసులో ఇలా వరసలు కలిపి చెప్పాక ఆ గందరగోళం మళ్ళీ రాలేదు.

ఇక చూపించడం. ఆదివారం చికెన్ తెచ్చినప్పుడు కోయించకుండా ఒక రెక్క పూర్తిగా తెచ్చుకోండి. విడిగా బాగా ఉడికించి, కండ తీసేసి, ఎముకలు కడిగి ఒక అట్ట మీద పేర్చండి. భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక, అక్కడి నుంచి మణికట్టు దాకా రెండు, సరిగ్గా మీ బాబు చెయ్యిలాగే. మణికట్టు దాటాక జాగ్రత్తగా చూడమనండి. బొటనవేలిలా పక్కకి పొడుచుకొచ్చిన చిన్న ముక్క ఒకటి, మధ్యలో పొడుగ్గా ఒకటి, దానికి అంటుకుని సన్నగా ఇంకొకటి. అవే మూడు వేళ్ళు. కొన్ని కోళ్ళకు ఆ బొటనవేలి చివర చిన్న గోరు కూడా ఉంటుంది. థెరోపాడ్లలో ఒకటైన వెలాసిరాప్టర్ చేతికీ మూడు వేళ్ళే. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో 1964లో డైనోనికస్ అనే డైనోసార్‌ను కనుక్కున్న జాన్ ఆస్ట్రమ్ కూడా చూసింది ఇదే. దాని మణికట్టులో అర్ధచంద్రాకారపు ఎముక ఒకటి ఉంది. దానివల్ల చెయ్యి పక్కకి మడుచుకుంటుంది. కోడి రెక్క ముడుచుకునేదీ అలాగే. డైనోనికస్‌నూ ఆర్కియోప్టెరిక్స్‌నూ ఎముక ఎముకా పోల్చి చూసి, 1970లలో ఆయన పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయని గట్టిగా వాదించారు.

అంతకు వందేళ్ళ ముందే ఇంగ్లండ్‌లో థామస్ హక్స్‌లీ అనే జీవశాస్త్రవేత్త ఈ మాట అన్నాడు. మరి మధ్యలో అందరూ ఎందుకు వదిలేశారు? దానికి కారణమైన ఎముక కూడా మీ కోడిలోనే ఉంది. మెడ కింద, రొమ్ము ముందు భాగంలో "వి" ఆకారంలో ఒక సన్నటి ఎముక దొరుకుతుంది. రెండు కాలర్ బోన్లు కలిసిపోతే వచ్చేదే అది. డైనోసార్లకు కాలర్ బోన్లే లేవని, అందుకే అవి పక్షులకు పూర్వీకులు కాలేవని 1926లో గెర్హార్డ్ హైల్మన్ అనే డెన్మార్క్ పరిశోధకుడు రాశాడు. ఆ మాట కొన్ని దశాబ్దాలు నిలబడిపోయింది. తర్వాత ఆ "వి" ఎముక వెలాసిరాప్టర్‌లో దొరికింది, టీ రెక్స్‌లోనూ దొరికింది. టీ రెక్స్‌కి రెక్కలేం లేవు కదా! అంటే ఆ ఎముక ఎగరడం కోసం పుట్టింది కాదు. పిల్లలకు నేను నొక్కి చెప్పేది ఈ సంగతే. పక్షికి మాత్రమే ఉంటాయని మనం అనుకునేవాటిలో చాలా భాగం, ఎగరడం అనేది మొదలవకముందే నేల మీద తిరిగే డైనోసార్లకు వచ్చేశాయి.

ఈకలూ అంతే. 1996లో చైనాలోని లియావోనింగ్‌లో సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ శిలాజం బయటపడింది. తల నుంచి వీపు మీదుగా తోక చివరి దాకా నూగులాంటి ఈకల అచ్చు స్పష్టంగా ఉంది. అది ఎగిరే జంతువు కాదు. ఆ నూగు ఒంటిని వెచ్చగా ఉంచడానికి పనికొచ్చి ఉంటుంది. 2010లో ఆ అచ్చులో మిగిలిన రంగు కణికలను మైక్రోస్కోపులో పరీక్షించి, తోక మీద ఇటుక రంగు, తెలుపు చారలు ఉండేవని చెప్పారు. ఈ బొమ్మ వేయమంటే పిల్లలు రంగు పెన్సిళ్ళు వదలరు. 2012లో అదే దేశం నుంచి యుటిరానస్ సంగతి తెలిసింది. టీ రెక్స్ బంధువు, దాదాపు 9 మీటర్ల పొడవు, ఒంటి మీద ఈకలు!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఓవిరాప్టర్ కథ. 1923లో మంగోలియాలో గుడ్ల గూటి పక్కన ఒక డైనోసార్ దొరికితే, వేరే డైనోసార్ గుడ్లు ఎత్తుకెళ్తూ చచ్చిపోయిందని గుడ్ల దొంగ అని పేరు పెట్టారు. 1993లో అలాంటి గుడ్డులోనే పిండం దొరికింది. చూస్తే ఓవిరాప్టర్ జాతి పిల్లే. అదే సంవత్సరం అదే జాతికి దగ్గరి డైనోసార్ ఒకటి గూటి మీద కూర్చున్న భంగిమలోనే శిలాజంగా కనిపించింది. కాళ్ళు కిందికి ముడుచుకుని, చేతులు రెండు వైపులా చాపి గుడ్ల చుట్టూ కప్పి ఉంది. పొదుగుతున్న పెట్ట దగ్గరికి ఎప్పుడైనా వెళ్ళారా? రెక్కలు అలాగే పరుస్తుంది. ఆ జీవి మీద 70 ఏళ్ళు పడిన నింద గురించి చెబుతుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది, పిల్లలకు మాత్రం ఊరట కలుగుతుంది.

ఎముకలు బోలుగా ఉండటం చూపించాలంటే బ్రాయిలర్ వద్దు, బాగా ముదిరిన నాటు కోడి కావాలి. లెగ్ పీస్ ఎముక విరిస్తే మూలుగ ఉంటుంది. భుజం ఎముక విరిస్తే లోపల గాలి ఖాళీ. టీ రెక్స్ వెన్నుపూసల్లోనూ ఇలాంటి గాలి గదులున్నాయి.

మాంసం తినని ఇళ్ళలో కాళ్ళు చూస్తే చాలు. కోడి కాలి మీద పొలుసులు, ముందుకి మూడు వేళ్ళు. మన దగ్గర ఈము ఫారాలు బాగా నడిచిన రోజుల్లో మా పిల్లల్ని ఒక ఫారానికి తీసుకెళ్ళాను. ఆ రైతు ఒక ఈమును పట్టుకుని, ఈకల కింద దాగిన జానెడు రెక్క పైకెత్తి చూపించాడు. చివర ఒకే ఒక్క గోరు! అది నడుస్తుంటే మాత్రం ఎవరూ మాట్లాడలేదు, అందరూ కాళ్ళే చూశారు.

ఇంకొక ప్రశ్న కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి: "ఉల్క పడి అన్నీ చచ్చిపోతే ఇవెలా బతికాయి?" 6.6 కోట్ల ఏళ్ళ కిందట ఇప్పటి మెక్సికో తీరంలో పెద్ద ఉల్క పడింది. పక్షుల్లో కూడా చాలా రకాలు అప్పుడే పోయాయి. చిన్న ఒళ్ళు, తక్కువ తిండి, నేలలో మిగిలిన గింజలు తినగలిగే ముక్కు ఉన్నవి కొన్ని గట్టెక్కాయని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు.

హైదరాబాద్ వెళ్తే బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అస్థిపంజరం తప్పక చూపించండి. మన గోదావరి లోయలో, యామనపల్లి దగ్గర దొరికిన అసలు ఎముకలు. కాకపోతే అది పొడుగు మెడతో ఆకులు తినే సారోపాడ్, పక్షులు వచ్చిన శాఖ వేరు. ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే దాని ముందు నిలబడి "దీనికి ఈకలేవి?" అంటాడు. ఇంట్లో పేర్చిన రెక్క అట్ట కూడా వెంట తీసుకెళ్తే అక్కడే పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.