రైతు సందేహాలు – నిపుణుల సలహాలు: గొర్రెలు కుక్కల పని, దూడ చిరుత పని

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లా కడ్తాల్ మండలంలో ఒక గ్రామం. నలభై గొర్రెలు, పన్నెండు మేకలు, రెండు పాడి గేదెలు ఉన్నాయి. చేను గుట్ట అంచున ఉంటుంది. పది రోజుల కిందట రాత్రి దొడ్డిలో మూడు గొర్రెలు చచ్చాయి, రెండు గాయపడ్డాయి. వారం తిరగకుండానే బావి దగ్గర కట్టేసిన దూడను చిరుతపులి చంపి ఈడ్చుకుపోయింది. నా చిన్నతనంలో గుట్ట కింద కుందేళ్లు, కౌజు పిట్టలు అడుగడుగునా లేచేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. అడవి పందులు మాత్రం మొక్కజొన్నను బతకనివ్వడం లేదు. చిరుతలను అటవీ శాఖవాళ్లే తెచ్చి వదిలారని ఊళ్లో అనుకుంటున్నారు. ఉచ్చులు పెడితే పందుల పీడ, చిరుత పీడ రెండూ పోతాయని కొందరు, దూడ కళేబరానికి విషపు మందు పూయమని కొందరు చెబుతున్నారు. ఫోటోలు పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఫోటోలను ఇక్కడ రాజేంద్రనగర్‌లో పెద్ద తెర మీద వేసి ఒకటికి రెండుసార్లు చూశాం. మీకు నచ్చని మాట ముందే చెబుతాను. ఆ మూడు గొర్రెలను చంపింది చిరుత కాదు, కుక్కలు.

గాయాలు ఎక్కడున్నాయో చూడండి. తొడల వెనుక, తోక మొదట్లో, చెవుల మీద చర్మం పీలికలుగా చిరిగింది. ఉన్ని కుచ్చులు దొడ్డి నిండా పడి ఉన్నాయి. ఒక్క దాని గొంతు మీద కూడా లోతైన గాటు లేదు, ఏ కళేబరాన్నీ తిన్న ఆనవాలు లేదు. వెంటపడి, దొరికినచోటల్లా కరిచి, తినకుండా వదిలేయడం ఊరకుక్కల గుంపు తీరు. చిరుత కూడా దొడ్డిలో చిక్కుబడితే ఒకటికి మించి చంపుతుంది, కాదనను. కానీ అది గొంతు పట్టి చంపుతుంది, వెనుక కాళ్లు పీకదు.

దూడ సంగతి వేరు. గొంతు కింద నాలుగైదు సెంటీమీటర్ల ఎడంతో రెండు లోతైన కోర గాట్లు ఉన్నాయి. కట్టుకొయ్య నుంచి కంప దాకా ఈడ్చిన చార ఉంది. తినడం వెనుక తొడ నుంచి మొదలైంది, పొట్టలోని మేత సంచి పక్కన పడి ఉంది. బావి గట్టు బురదలో పడిన అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీశారు, చాలా మంచి పని చేశారు. అడుగు వెడల్పు అగ్గిపెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు, అంటే ఏడు ఎనిమిది సెంటీమీటర్లు. గుండ్రంగా ఉంది, గోళ్ల గుర్తు లేదు. కుక్క అడుగైతే, తోడేలు అడుగైతే కోలగా ఉండి ముందు గోళ్లు దిగబడేవి. దూడను తీసుకున్నది చిరుతే, అందులో సందేహం లేదు.

ఎవరు చంపితే ఏమిటి, నష్టం నష్టమే కదా అంటారేమో. మొదటి తేడా గాయపడి మిగిలిన ఆ రెండు గొర్రెల దగ్గరే వస్తుంది. కరిచింది కుక్కలు కనుక రేబిస్ భయం ఉంది. పది రోజులు గడిచాయని ఊరుకోవద్దు. 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి, లేదా మండల పశువైద్యశాలకు తీసుకెళ్లండి. టీకా మొదలుపెట్టిన రోజును సున్నాగా లెక్కించి మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిదో రోజుల్లో మిగతా మోతాదులు వేయించాలి. మధ్యలో మానేస్తే వేయించినవీ వృథా. కుక్క కాటుకు కుట్లు వేయించవద్దు, సబ్బు నీళ్లతో కడిగి అయోడిన్ రాస్తూ ఉండండి. ఈగలు వాలి పురుగు పడితే టర్పెంటైన్ నూనెలో ముంచిన దూది పెట్టి పురుగును తీయించాలి. ఆ రెండింటినీ మందకు దూరంగా కట్టండి. అరుపు మారినా, చొంగ కారుతున్నా, మింగలేకపోతున్నా గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చేయి పెట్టవద్దు. గాయాలు కడిగినప్పుడు మీ చేతికి గీరుకుపోయిన చోటు ఉండి ఉంటే మీరు కూడా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి.

ఇక చిరుతలను తెచ్చి వదిలారన్న మాట. ఏ ఊరికి వెళ్లినా ఇదే వింటున్నాను. దేశవ్యాప్త అంచనా ప్రకారం తెలంగాణలో 2018లో 334 చిరుతలు ఉంటే 2022లో 297 ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 492 నుంచి 569కి పెరిగాయి. ఈ లెక్క ప్రధానంగా పులులు తిరిగే రాష్ట్రాల అడవుల్లో కెమెరాలు పెట్టి తీసింది. మీ ఊరి గుట్టల వంటి చోట్లు అందులోకి సరిగా రావు. కాబట్టి మీ గుట్ట మీద ఒకటుందా మూడున్నాయా అన్నది ఆ అంకెలు చెప్పవు. కానీ అడవిలో సంఖ్య తగ్గినచోట కూడా ఊళ్లలో కనిపించడం పెరుగుతోందంటే కారణం సంఖ్య ఒక్కటే కాదని తెలుస్తుంది. 2020 మేలో కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద పడుకున్న చిరుతను నగరమంతా టీవీలో చూసింది. 2024 మే మొదట్లో శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలో బోనులో పడినదాన్ని అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఆ మాట ఊళ్లకు చేరేసరికి ‘మన దగ్గర వదిలారు’ అయిందేమో.

మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన వాక్యం కుందేళ్ల గురించి రాసినది. చిరుతకు సగటున రోజుకు మూడు కిలోల దాకా మాంసం కావాలి. కుందేలు తూగేది రెండు మూడు కిలోలే, అంటే ఒక్క పూట. కౌజు, నెమలి, ఉడుము, పంది పిల్ల, కొండముచ్చు, ఇలా చిల్లర సరుకుతోనే గుట్టల్లో చిరుత బతుకు గడిచేది. ఆ చిల్లర ఎలా ఖర్చయిపోయిందో మన ఊళ్లలోనే వెతకాలి. మన తాతలు కంచె అన్నది ముళ్లకంచెను కాదు, పశువుల మేతకు వదిలిన తుప్పల నేలను. ఆ కంచెలు, గైరాన్ అనే ఊరుమ్మడి మేత భూములు చాలా చోట్ల ప్లాట్లయ్యాయి, క్వారీలయ్యాయి. మిగిలిన కొద్ది గడ్డి మీద మందల భారం పెరిగింది. 2012 పశుగణనలో తెలంగాణలో కోటీ 28 లక్షల గొర్రెలుంటే 2019 నాటికి కోటీ 90 లక్షలు దాటాయి. ప్రభుత్వం చేసిన గొర్రెల పంపిణీని తప్పు పట్టడం లేదు, గొర్రె మీద బతికే శాస్త్రవేత్తను నేను. కానీ ఆ గడ్డి దుబ్బుల్లోనే కుందేలు పిల్లలు పెడుతుంది, కౌజు గుడ్లు పెడుతుంది. గడ్డి గోటి మందం అయ్యాక అవి ఎక్కడ దాక్కుంటాయి?

చేలలోనూ అంతే. జొన్న, సజ్జ, కంది, ఆముదం కలిపి వేసిన చోట పత్తి వచ్చింది. గట్ల మీద తంగేడు, రేగు, బంతిపూల వంటివి పెరగనిచ్చే ఓపిక పోయి కలుపు మందు కొడుతున్నాం, ఎండాకాలంలో అగ్గి పెడుతున్నాం. గట్టు మీద గింజ లేదు, పురుగు లేదు, నీడ లేదు. ఉన్న నాలుగు పిట్టల కోసం వలలు, కుందేళ్ల కోసం తీగ ఉచ్చులు. వీటన్నిటి మీద ఊరకుక్కలు. మీ గొర్రెలను చీల్చిన గుంపు మీ దొడ్డికి రాని రాత్రుల్లో గుట్ట మీదికే పోతుంది. కుందేలు పిల్లలను, జింక పిల్లలను అవి ఏరేస్తాయి. ఆ తరువాత ఆ కుక్కల కోసం చిరుత కిందికి దిగుతుంది.

అడవి పందులు మాత్రం ఎందుకు తగ్గలేదంటే వాటికి గుట్టతో పని లేదు, మీ మొక్కజొన్నే చాలు. ఒక్కో ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. ఎదిగిన మగ పంది కోరల జోలికి చిరుత సాధారణంగా వెళ్లదు. పిల్లలను మాత్రం తీసుకుంటుంది. చిరుతతో పాటు పందుల పీడ కూడా పోతుందన్న సలహా ఎవరిచ్చారో గానీ అది తలకిందులు సలహా.

మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో పొలాల మధ్య బతికే చిరుతల పెంటికలను ఏరి, అవి ఏం తింటున్నాయో లెక్క తీశారు. అడవి అన్నదే లేని చెరకు తోటల నేల అది. తిన్న మాంసంలో సుమారు 39 శాతం కుక్కలది. మేకలది 11 శాతమే. నిజానికి ఆ ప్రాంతంలో మేకల సంఖ్య కుక్కలకు ఏడు రెట్లు. అయినా మేక ఎందుకు తప్పించుకుంది? పగలు వెంట మనిషి ఉంటాడు, రాత్రి తలుపు ఉంటుంది. కుక్కకు రెండూ లేవు. మీ దూడకు కూడా ఆ రాత్రి రెండూ లేవు. బావి దగ్గర ఒంటరిగా, కట్టుకొయ్యకు కట్టి ఉంది.

అందుకే డబ్బు, శ్రమ రెండూ దొడ్డి మీద పెట్టమంటాను. ఫోటోలో కనిపించే నాలుగడుగుల కంపగోడ కుక్కలనే ఆపలేదు. మీకున్న జీవాలకు తలకు పది చదరపు అడుగుల చొప్పున ఇరవై ఆరు అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు చాలు. అడుగున రెండడుగుల ఎత్తు రాతి గోడ, దాని మీద ఇనుప జాలీ కలిపి ఏడడుగులు రావాలి. జాలీ కన్నం రెండు అంగుళాలకు మించకూడదు. పైన తప్పనిసరిగా కప్పు ఉండాలి, రేకు గానీ జాలీ గానీ. చిరుతకు ఏడడుగుల గోడ మెట్టుతో సమానం. మొత్తం ఒకేసారి చేయించలేకపోతే ముందు ఈ ఏడాది ఈనే గొర్రెలకు, పిల్లలకు సరిపడా ఒక గదిని పైకప్పుతో కట్టించి, మిగతాది పంట డబ్బు వచ్చాక చూడండి. తలుపు కింద చేయి దూరేంత సందు కూడా ఉండనివ్వకండి, దొడ్డి యజమానులు ఎప్పుడూ మరిచేది దాన్నే. గొర్రె ఈనిన రాత్రి మాయను, తడిసిన గడ్డిని లోతుగా పూడ్చండి, ఆ వాసన కుక్కలకు, చిరుతకు దూరం నుంచే అందుతుంది.

మెరిసే సోలారు దీపాలు, రేడియో కొన్నాళ్లు పని చేస్తాయి. ఒకేచోట పెట్టి మరిచిపోతే చిరుత అలవాటు పడుతుంది, రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చాలి. కాపలా కుక్కను దొడ్డి బయట కట్టవద్దు, అది కాపలా కాదు, ఎర. ఎరువు కోసం చేలో మంద కట్టించుకుంటుంటే ఈ నెలలు గుట్ట వైపు చేలలో వద్దు. మంద చుట్టూ కట్టే వల ఒక్కటే చాలదు. మంద దగ్గర పడుకునే మనిషి నేల మీద కాకుండా ఎత్తైన మంచె మీద పడుకోవాలి. చీకటి పడక ముందే మంద ఇంటికి చేరాలి, పిల్లలను ఒంటరిగా గేదెల కోసం పంపకండి.

మీ మూడో ఫోటోలో వెనక కోళ్ల ఫారం రేకులు కనిపిస్తున్నాయి. చచ్చిన కోళ్లను గుట్ట పక్కన పారేస్తున్నారేమో ఒకసారి చూడండి. నేను తిరిగిన చాలా ఊళ్లలో కథ అక్కడే మొదలైంది. కోళ్ల కోసం కుక్కలు, కుక్కల కోసం చిరుత. లోతైన గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చమని యజమానికి చెప్పండి, వినకపోతే పంచాయతీలో పెట్టండి.

ఉచ్చు, విషం సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం చిరుత మొదటి షెడ్యూలు జంతువు, అంటే అత్యంత కట్టుదిట్టమైన రక్షణ ఉన్నది. దాన్ని చంపితే జైలే. ‘పంది కోసం పెట్టాను’ అంటే చెల్లదు. పంది ఉచ్చులో చిరుత పడడం మనకు కొత్త కాదు, 2020లో నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో జరిగింది. ఉచ్చులో పడ్డ చిరుత దగ్గరికి ఊరంతా ఫోన్లు పట్టుకుని వెళ్తుంది, గాయపడేది మనుషులే. గుళికల మందు కలిపిన మాంసాన్ని ముందు తినేవి కాకులు, కుక్కలు, బహుశా మీ ఇంటి కుక్క. కరెంటు తీగ గురించి చెప్పనే అక్కర్లేదు, నీళ్లు పెట్టడానికి అర్ధరాత్రి చేలోకి వెళ్లే పక్క రైతు దాన్ని చూడడు. పందులకు మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసల ఆముదం దట్టంగా వేయండి. దాన్ని పంది తినదు, లోపలి పైరు వాసనను అది కొంత కప్పేస్తుంది. స్తోమత ఉంటే సోలారు కంచె వేయండి. అది విడివిడిగా చిన్న దెబ్బలు కొడుతుంది, ప్రాణం తీయదు.

పట్టించి దూరంగా వదిలేయమని అర్జీ పెడదామంటే, అదీ తొందరపడి వద్దు. మహారాష్ట్రలోని జున్నర్ వైపు 2001 తరువాత రెండు మూడేళ్లు చిరుతలను పెద్ద సంఖ్యలో పట్టి వేరే అడవుల్లో వదిలారు. వదిలిన చోట్ల చుట్టూ మనుషుల మీద దాడులు పెరిగాయి. ఇక్కడ ఖాళీ అయిన గుట్టలోకి మరొకటి వస్తుంది. మనుషులకు భయపడకుండా పగలే ఇళ్ల మధ్య తిరుగుతుంటే మాత్రం అటవీ అధికారులకు చెప్పి బోను పెట్టించండి, అది వేరే సంగతి.

అటవీ శాఖ పరిహారం దూడకే అడగండి. మూడు గొర్రెలనూ చిరుత ఖాతాలో రాయించాలని చూస్తే పశువైద్యుడి నివేదిక దగ్గర చిక్కు వస్తుంది, దూడ అర్జీ కూడా అనుమానంలో పడుతుంది. మరోసారి ఇలా జరిగితే కళేబరాన్ని కదిలించకుండా, అగ్గిపెట్టెతో సహా ఫోటోలు తీసి, అదే రోజు అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు, పశువైద్యుడికి కబురు పెట్టి పంచనామా చేయించండి. బీమా ఉన్న జీవమైతే చెవి ట్యాగును చెవితో సహా భద్రపరచండి. ట్యాగు లేదన్న ఒక్క కారణంతో డబ్బు పోగొట్టుకున్న రైతులు నాకు తెలుసు.

ఇంకొక్కటి. మీ గుట్ట వైపు గట్టు మీద రెండు గజాల వెడల్పున ఈసారి మందు కొట్టకుండా, అగ్గి పెట్టకుండా వదలండి. రెండు వానాకాలాల్లో కౌజులు తిరిగి వస్తాయో లేదో మీరే చూసి నాకు రాయండి. దొడ్డికి జాలీ కొనడానికి వెళ్లేలోపు అయిదో ఫోటోలో తూర్పు గోడ మీదికి వంగిన ఆ వేప కొమ్మను కొట్టించండి.