అన్నం తినాలంటే ఫోన్ కావాల్సిందే... రెండేళ్ల బాబుకు ఏ షోలు మంచివి?

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల మూడు నెలలు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, పగలంతా మా అత్తయ్యగారు చూసుకుంటారు. ఫోన్లో రైమ్స్ పెడితేనే అన్నం తింటాడు. రోజుకు రెండున్నర, మూడు గంటలు చూస్తున్నాడు. రంగులు, అంకెలు ఇంగ్లీషులో గడగడా చెబుతాడు గానీ ‘అమ్మా నీళ్లు’ అని రెండు మాటలు కలిపి అనడం లేదు. పూర్తిగా మాన్పించడం మా వల్ల కావడం లేదు. కనీసం మంచి షోలేవో చెప్పండి. - ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: షోల కన్నా ముందు మాటల సంగతి చూడాలి. రెండేళ్లు నిండేసరికి చాలామంది పిల్లలకు సుమారు 50 మాటలు వస్తాయి. ‘పాలు వద్దు’, ‘నాన్న వచ్చాడు’ అని రెండేసి మాటలు కలుపుతారు. రంగుల పేర్లు అప్పజెప్పడం వేరు, దాహమేస్తే నీళ్లడగడం వేరు. మొదటిది వీడియో నేర్పగలదు. రెండోది ఎదురుగా మనిషి ఉండి, బాబు చూపుకూ వేలికీ బదులిస్తేనే వస్తుంది. అందుకే ఈ నెలలోనే పిల్లల డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, కావాల్సింది వేలితో చూపిస్తున్నాడా, ఇంతకుముందు వచ్చిన మాటలేమైనా పోయాయా అన్నవి గమనించి రాసుకుని వెళ్లండి. జిల్లా ఆసుపత్రుల్లో ఉండే డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లలో (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే కేంద్రాలు) రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద ఈ పరీక్షలు ఉచితం. ఫోన్ తగ్గించి చూద్దాం, ఆర్నెల్లు ఆగుదాం అనుకోవద్దు. రెండూ ఒకేసారి జరగాలి.

ఇక ఎంతసేపు చూపించాలి? రెండేళ్లలోపు స్క్రీన్ వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకు గంట దాటొద్దనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ దాదాపు ఇదే. గంట అన్నది గరిష్ఠం. మీ బాబుకు మాటలు ఆలస్యమవుతున్నాయి కాబట్టి అరగంట చాలు. వేరే ఊళ్లో ఉన్న తాతయ్యతోనో అమ్మమ్మతోనో వీడియో కాల్‌లో మాట్లాడించడం ఈ లెక్కలోకి రాదు.

షో మంచిదో కాదో పేరు చూసి, ‘ఎడ్యుకేషనల్’ అన్న ముద్ర చూసి తేల్చకండి. ముందు బాబు లేనప్పుడు మీరొక్కరే రెండు నిమిషాలు శబ్దం తీసేసి చూడండి. దృశ్యం ఎన్నిసార్లు మారిందో వేళ్ల మీద లెక్కపెట్టండి. మూడు నాలుగు సెకన్లకోసారి బొమ్మ మారిపోతుంటే అది ఈ వయసుకు పనికిరాదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 60 మంది నాలుగేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. సగటున 11 సెకన్లకోసారి దృశ్యం పూర్తిగా మారే కార్టూన్‌ను కొందరికి తొమ్మిది నిమిషాలు చూపించారు. 34 సెకన్లకోసారి మారే నెమ్మది షో చూసినవాళ్లకన్నా, బొమ్మలు గీసుకున్నవాళ్లకన్నా వీళ్లు ఆ వెంటనే పెట్టిన పరీక్షల్లో వెనకబడ్డారు. ఓపిక పట్టడం, చెప్పింది గుర్తుపెట్టుకుని చేయడం లాంటి పరీక్షలవి. నాలుగేళ్లవాళ్లకే అలా ఉంటే మీవాడి వయసులో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రంగులు మెరుస్తూ, వెనక వాయిద్యం ఆగకుండా మోగుతూ సాగే రైమ్స్ కలగూరలు పైన చెప్పిన లెక్కలో చాలావరకు తప్పుతాయి. బాబు కన్నార్పకుండా చూస్తున్నాడంటే నేర్చుకుంటున్నాడని కాదు, కదలిక కంటిని లాగుతోందని మాత్రమే.

తర్వాత శబ్దం పెట్టి వినండి. పాత్రలు ఒక్కొక్కరుగా, తేటగా మాట్లాడుతున్నాయా? ప్రశ్న అడిగి జవాబు కోసం కాసేపు ఆగుతున్నాయా? 1996లో మొదలైన అమెరికా పిల్లల షో ‘బ్లూస్ క్లూస్’ను ఇలాగే తయారుచేశారు. మధ్యమధ్య ఆగి పిల్లల్ని జవాబు చెప్పనిచ్చేవారు, ఒకే ఎపిసోడ్‌ను వరసగా ఐదు రోజులు వేసేవారు. పెద్దలకు విసుగొచ్చే ఆ పునరావృతమే పిల్లలకు మేలు చేస్తుంది. కాబట్టి రోజుకో కొత్తది వెతక్కండి. నాలుగైదు ఎపిసోడ్లు ఎంచుకుని వాటినే తిప్పి తిప్పి వేయండి. కథలో తినడం, స్నానం, నిద్ర, బడికి వెళ్లడం, అలిగి మళ్లీ కలవడం ఉండాలి. అంటే బాబు బతుకులో ఉన్నవే.

పేర్లు అడిగారు కాబట్టి: ‘డేనియల్ టైగర్స్ నైబర్‌హుడ్’లో కోపం, భయం లాంటివాటిని చిన్న పాటతో ఎలా దాటాలో చూపిస్తారు. ‘పఫిన్ రాక్’ నెమ్మదిగా, ప్రకృతి మధ్య నడుస్తుంది. ‘బ్లూయీ’ ఎపిసోడ్ ఏడు నిమిషాల్లో అయిపోతుంది, కానీ అందులోని చమత్కారం మూడేళ్లు దాటాకే బాగా అందుతుంది. హైదరాబాద్‌లో తయారైన ‘ఛోటా భీమ్’ మనందరికీ ఇష్టమే, అయితే నాలుగేళ్ల దాకా ఆపండి. చివర్లో వచ్చే నీతి రెండేళ్లవాడికి అందదు, మధ్యలోని పిడిగుద్దులే చేతికి వస్తాయి. ఇంగ్లీషు షో అయితే శబ్దం సగానికి తగ్గించి, జరుగుతున్నది మీరే తెలుగులో చెప్పండి.

ఈ పక్కన కూర్చుని చెప్పడం అన్నింటికన్నా ముఖ్యం. రెండున్నర, మూడేళ్ల లోపు పిల్లలు తెర మీద చూసినదానికన్నా ఎదుటి మనిషి చేసి చూపించినది సులువుగా నేర్చుకుంటారు. తెరకూ ఇంటికీ వంతెన పెద్దవాళ్లే వేయాలి. కుక్కపిల్ల కనిపిస్తే ‘ఏదీ, మన వీధిలో కుక్క ఎలా అరుస్తుంది?’ అని అడిగి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. ‘బౌ’ అంటే ‘అవును, పెద్ద కుక్క’ అని ఒక మాట కలిపి తిరిగివ్వండి. రెండు మాటలు కలపడం ఇలాగే అలవాటవుతుంది. పగలు ఈ పని చేయాల్సింది అత్తయ్యగారే కాబట్టి ఆమెను తప్పుపట్టకుండా, మీరు ఒక ఆదివారం చేసి చూపించండి. ఆమె సీరియల్ బాబు నిద్రపోయాక పెట్టుకుంటే మంచిది. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, గదిలో పెద్దల కార్యక్రమం నడుస్తుంటే ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలు దాన్ని పెద్దగా చూడకపోయినా వాళ్ల ఆట ముక్కలు ముక్కలైంది.

ఫోన్ కన్నా గోడ మీది టీవీ నయం. దూరంగా ఉంటుంది, వేలితో మార్చలేడు, ఏం నడుస్తోందో అందరికీ తెలుస్తుంది. ఆటోప్లే తీసేయండి. యూట్యూబ్ కిడ్స్ వాడితే తల్లిదండ్రుల సెట్టింగ్స్‌లో మీరు అనుమతించిన వీడియోలు మాత్రమే కనిపించేలా పెట్టండి. తాళం గుర్తు నొక్కి టైమర్ పెడితే సమయం అయ్యాక యాప్ అదే ఆగిపోతుంది. మొదలుపెట్టే ముందే ‘రెండు కథలు’ అని వేళ్లు చూపించండి. కథ మధ్యలో ఆపొద్దు, ముగిశాక రిమోట్ బాబు చేతికిచ్చి వాడితోనే ఆపించండి. ఏడిస్తే ఎత్తుకోండి, మళ్లీ మాత్రం పెట్టొద్దు. ఒక్కసారి పెడితే, ఇంకాసేపు ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటాడు. రాత్రి పడుకునే ముందు గంటసేపు ఏదీ వద్దు.

భోజనం దగ్గర మాత్రం ఎంత మంచి షో అయినా వద్దు. చూస్తూ తినే పిల్లలకు కడుపు నిండిన సంగతి తెలియదు. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటారు, పొలమారే ప్రమాదమూ ఉంది. ఒక్కసారిగా మూడు పూటలూ మాన్పించకుండా సాయంత్రం తినే చిరుతిండితో మొదలుపెట్టండి. నాలుగైదు రోజులకు అది కుదురుకున్నాక మధ్యాహ్నం, తర్వాత రాత్రి. అన్నానికి ముందు రెండున్నర గంటలు పాలు, బిస్కెట్లు ఇవ్వొద్దు. పాలు రోజుకు 400-500 మిల్లీలీటర్లు దాటితే ఆకలి చస్తుంది, ఐరన్ తగ్గి రక్తహీనత రావచ్చు. సీసా ఉంటే గ్లాసుకు మార్చండి. మీతో పాటే నేల మీద కూర్చోబెట్టి, రెండు మూడు చెంచాల పప్పన్నం వాడి కంచంలో వేసి చేత్తో తిననివ్వండి. ఒలకబోస్తాడు, పర్వాలేదు. ఇరవై, ముప్పై నిమిషాలయ్యాక కంచం తీసేయండి. వెంటపడి తినిపించొద్దు, బదులుగా పాలు పట్టొద్దు. మొదటి కొన్ని రోజులు తక్కువే తింటాడు. మూత్రం మామూలుగా వస్తూ, హుషారుగా ఆడుకుంటుంటే కంగారు అక్కర్లేదు. నెల తర్వాత బరువు చూపించండి, తగ్గి ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించాలి.