ట్రినిటీ గేటు దాకా అప్పుతోనా?

ప్రశ్న: గుంటూరులో ప్రైవేటు జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్‌ని. వయసు 44. జీతం చేతికి రూ.62 వేలు వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ రూ.19,500, ఇంటి ఖర్చు రూ.35 వేలు. బ్యాంకులో రూ.45 వేలు ఉన్నాయి. వచ్చే ఏడాదికి ఉంచుతారో లేదో కాలేజీ వాళ్లు జూన్‌లో గానీ చెప్పరు. రామానుజన్ చదివిన కేంబ్రిడ్జిని చూడాలని ఇరవై ఏళ్ల కోరిక. మే సెలవుల్లో భార్యతో వెళ్లడానికి బ్యాంకు రూ.5 లక్షల ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. 14 శాతం వడ్డీ, మూడేళ్లు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ‘ప్రీ-అప్రూవ్డ్’ మెసేజ్ చూసి ఫ్లయిట్ టికెట్లు వెతికేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను. అప్పివ్వడానికి బ్యాంకు రెడీ అని దానర్థం, మీరు తీర్చగలరని కాదు. లెక్కల మాస్టారు కదా, ఒకసారి కాగితం మీద వేయండి. కొత్త ఈఎంఐ దాదాపు రూ.17,100. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది రూ.7,500. ఊరు చూసి వచ్చాక నెలనెలా రూ.9,600 లోటు. దాన్ని క్రెడిట్ కార్డుతో పూడుస్తారు, ఆ తర్వాత కథ నాకు తెలుసు. మూడేళ్లలో వడ్డీయే రూ.1.15 లక్షలు.

నాకు అప్పు కన్నా ఆ రూ.45 వేలే ఎక్కువ టెన్షన్. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు రూ.54,500. జీతం ఆగితే నెల కూడా గడవదు. మేలో కేంబ్రిడ్జి, జూన్‌లో ‘ఇక రావద్దు’ అన్న ఫోను వస్తే? ముందు ఆరు నెలల ఖర్చు, అంటే రూ.3.27 లక్షలు, ఎఫ్‌డీలో పక్కన పెట్టండి. స్పాట్ వాల్యుయేషన్ డబ్బులు, ట్యూషన్ డబ్బులు అన్నీ అందులోకే. అది నిండేదాకా పాస్‌పోర్టు బీరువాలోనే ఉండనివ్వండి. చీటీ పాడుకోవడం, బంగారం కుదువ పెట్టడం కూడా అప్పే, పేరు మారిందంతే. లోను డబ్బు ఖాతాలో వేసి వీసాకు బ్యాలెన్స్ చూపిద్దామనుకుంటే, ఒక్కసారిగా వచ్చిన ఆ మొత్తం ఎక్కడిదని వీసా అధికారులు అడగొచ్చు.

అసలు మే నెలే తప్పు. అక్కడ అది పరీక్షల కాలం. చాలా కాలేజీలు ఆ వారాల్లో టూరిస్టులను లోపలికి రానివ్వవు. రామానుజన్ ఆఖరి రోజుల కాగితాలు 1976లో బయటపడిన రెన్ లైబ్రరీ ఆయన చదివిన ట్రినిటీ కాలేజీలోనే ఉంది. ఐదు లక్షలు పోసి వెళ్లి గేటు బయట సెల్ఫీతో తిరిగి రావాల్సి రావచ్చు. డబ్బు చేరాక ఏదో ఒక దసరా సెలవులకు పెట్టుకోండి. లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే గంటలోపే కేంబ్రిడ్జి.

రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్య 1729 అని రామానుజన్ చెప్పిన కథ క్లాసులో చెప్పే ఉంటారు. ఆయన్ని కేంబ్రిడ్జికి రప్పించిన గణితవేత్త హార్డీ, తానెక్కి వచ్చిన ట్యాక్సీ నంబరు అదేనని చెప్పింది లండన్‌లో జబ్బుపడి ఉన్న రామానుజన్ మంచం పక్కన. విజిటర్‌గా వెళ్లి అక్కడ ఆసుపత్రిలో చేరితే బిల్లు మనదే. కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. కాలేజీ ఇచ్చిన హెల్త్ పాలసీ మీద ఆధారపడి ఉంటే, అది ఉద్యోగంతో పాటే పోతుంది. ఇంటిల్లిపాదికీ సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి.