ఇటలీలోని పాంపీ లాంటి, బూడిదలో కూరుకుపోయిన నగరాలంటే ఇప్పటికీ మనకెందుకంత ఆసక్తి?

ఈ ప్రశ్నకు ఎక్కువ మంది అక్కడి చావుల గురించే చెబుతారు. ఒక్కరోజులో ఊరికి ఊరే పోయిందన్న భయం మనల్ని లాగుతుందంటారు. అదీ కొంత నిజమే. కానీ ఆ వీధుల్లో తిరిగొచ్చినదాన్ని కాబట్టి నా మాట వేరు. రాజులు కట్టించినవీ, దేవుళ్లకు కట్టినవీ ప్రపంచమంతా మిగిలాయి. చేతిపని చేసుకుని బతికినవాళ్ల ఇల్లూ, అంగడీ, పొయ్యీ ఉన్నవి ఉన్నచోటే ఇంత నిండుగా మిగిలింది మాత్రం ఇలాంటి ఊళ్లలోనే.

మాది గుంటూరు. చిన్నప్పుడు అమరావతికి తరచూ వెళ్లేవాళ్లం. అక్కడి స్తూపం శాసనాల్లో ఒకటంటే నాకు ప్రాణం. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు విధికుడు, చర్మకారుడు, ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి సమర్పించుకున్నాడు. శాతవాహనుల కాలం వాడు, కాస్త అటూ ఇటూగా పాంపీ కాలమే. పేరు తెలుసు, తండ్రి పేరు తెలుసు. మరి ఏ వీధిలో ఉండేవాడు, తోళ్లు ఎక్కడ ఊనేవాడు, రాత్రి ఏం తినేవాడు? ఆ జాడలేవీ మనకు దక్కలేదు.

పాంపీలో స్టాబియా ద్వారం వైపు ఒక తోళ్ల కార్ఖానా ఉంది. తోళ్లు నానేసే గుండ్రటి తొట్లు వరసగా నేలలోకి దిగేసి ఉన్నాయి. ఆ ఆవరణలోనే ఆరుబయట కూర్చుని భోంచేసే చోటు. అక్కడి బల్లపైన చిన్న చిన్న రంగురాళ్లతో కూర్చిన బొమ్మ దొరికింది. మధ్యలో పుర్రె. దాని పైన తాపీమేస్త్రీలు వాడే మట్టం, తూకం గుండుతో సహా. ఒక పక్క రాజదండం, ఊదారంగు బట్ట. రెండో పక్క బిచ్చగాడి కర్ర, జోలె. తోళ్ల వాసన మధ్య కూర్చుని అన్నం తింటూ ఆ ఇంటివాళ్లు రోజూ చూసిన బొమ్మ అది. అక్కడ నిలబడితే నాకు విధికుడే గుర్తొచ్చాడు. అతనికీ ఇలాంటి పనిచోటు ఒకటి ఉండే ఉంటుంది కదా!

ఇదంతా ఎలా మిగిలిందంటే, క్రీ.శ. 79లో పక్కనున్న వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ముందుగా గంటల తరబడి తేలికపాటి నురగరాళ్లు వానలా పడ్డాయి. ఆ బరువుకి కప్పులు కూలాయి. ఆ తర్వాత మండే వాయువూ బూడిదా కలిసి కొండ మీంచి దూసుకొచ్చాయి. మొత్తం నాలుగు నుంచి ఆరు మీటర్ల మందాన ఊరు కప్పబడిపోయింది. పైన ఎవరూ కొత్త ఊరు కట్టి పాతదాన్ని చెరపలేదు. 1748లో తవ్వకాలు మొదలయ్యాయి, ఇప్పటికీ మూడో వంతు మట్టి కిందే ఉంది. తేదీ మాత్రం తేలలేదు. ఆగస్టు 24 అని చదువుకున్నాం, కానీ 2018లో ఒక గోడ మీద బొగ్గుతో రాసిన అక్టోబరు 17 నాటి రాత బయటపడింది. అంటే పేలుడు ఆ తర్వాతే జరిగి ఉండొచ్చు.

గోడలంటే చెప్పాలి, ఎన్నికల రాతలు అడుగడుగునా కనిపిస్తాయి. పండ్ల వ్యాపారులంతా కలిసి మార్కస్ హొల్కోనియస్ ప్రిస్కస్‌ను గెలిపించమని రాయించుకున్న గోడ ఒకటి ఉండేది. ఇంకోచోట తిండి అమ్మే అంగడి, 2020లో పూర్తిగా బయటపడింది. రాతి గట్టులో జాడీలు దిగేసి, అచ్చం మన కర్రీ పాయింట్‌లా ఉంటుంది. ఆ జాడీల్లో బాతు, పంది, మేక, చేప, నత్తల అవశేషాలు దొరికాయి. గట్టు మీద కోడిపుంజు బొమ్మ రంగులు ఇంకా వెలిసిపోలేదు.

శవాల అచ్చుల దగ్గర మాత్రం జాగ్రత్తగా చూడమంటాను. బూడిద గట్టిపడ్డాక లోపలి శరీరాలు కుళ్లిపోయి ఖాళీలు మిగిలాయి. 1863లో అక్కడి తవ్వకాలు చూసే జుసెప్పే ఫియోరెల్లి ఆ ఖాళీల్లో పల్చటి ప్లాస్టర్ పోయించి అచ్చులు తీయించాడు. బట్ట మడతలు కూడా తెలుస్తాయి. బంగారు కడియం ఉన్న ఒక మనిషి ఒళ్లో పిల్లవాడు ఉన్న అచ్చుని తల్లీబిడ్డలని ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు. 2024లో డీఎన్ఏ పరీక్ష చేస్తే ఆ పెద్దమనిషి మగవాడని, ఇద్దరికీ రక్తసంబంధం లేదని తేలింది. ఆ వార్త చదివాక నాకు వాళ్లమీద మమకారం ఇంకా పెరిగింది. తన బిడ్డ కాకపోయినా చివరిదాకా దగ్గర పెట్టుకున్నాడేమో అనిపిస్తుంది. ఇది కూడా నేను అల్లుకున్న కథే, పరీక్ష చెప్పింది కాదు.

వెళ్లే ఆలోచన ఉంటే, అదే పేలుడులో కూరుకుపోయిన పక్క ఊరు హెర్కులేనియం వదలకండి. నేపుల్స్ నుంచి అదే రైలు, పాంపీ కంటే ముందే వస్తుంది. అక్కడ వేడికి కొయ్య బొగ్గై నిలిచిపోయింది. తలుపులు, దూలాలు, గదికి అడ్డంగా పెట్టిన మడత చెక్కలు, ఒక పసిబిడ్డ ఊయల కూడా దొరికాయి. పాంపీలో చెట్టు నీడ తక్కువ, టోపీ, నీళ్లు తప్పనిసరి. తోళ్ల కార్ఖానా బొమ్మ నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. 1938లో పాంపీ ఇంట్లో దొరికిన మన దేశపు దంతపు బొమ్మ, లక్ష్మి అని పిలుస్తారు, అదీ అక్కడే. జానెడు ఉంటుంది, చెవులకు, చేతులకు నిండా నగలు. మ్యూజియానికి మంగళవారం సెలవు, చూసుకుని వెళ్లండి.