పసుపు రిబ్బన్ మీద మూడు నీలం గీతలు: తాతగారి నేవీ పతకం ఏది?

పర్లాకిమిడిలోని పాత ఇంటి బీరువాలో తాతగారి నేవీ పతకాలు దొరికాయనీ, వాటిలో పసుపు రిబ్బన్ మీద మూడు నీలం గీతలున్నది శౌర్య పతకమేనా, దానికి నెలనెలా డబ్బు వస్తుందా, పేరు పక్కన రాసుకోవచ్చా అనీ అడిగారు. మా నాన్నగారు బరంపురం నుంచి వెళ్లి నేవీలో చేరి, చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. ఆయన పతకాలూ కాగితాలూ ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి తెలిసింది చెప్తాను.

మూడు గీతలంటే అది విశిష్ట సేవా మెడల్. శౌర్య పతకం కాదు, అలాగని అందరికీ ఇచ్చేదీ కాదు. ఈ వరసలో గీతలు తగ్గే కొద్దీ పతకం పెద్దది: ఒక్క గీత ఉంటే పరమ విశిష్ట, రెండుంటే అతి విశిష్ట. 1960లో మొదలుపెట్టినప్పుడు వీటిని క్లాస్ 1, 2, 3 అనేవారు, 1967లో ఇప్పటి పేర్లు పెట్టారు. గీతల లెక్క ఆ పాత క్లాసుదే. మీ దగ్గరున్నది కంచు రంగులో, మధ్యలో ఐదు కోణాల నక్షత్రంతో ఉండాలి, చూడండి. ఓడల మరమ్మతులు, శిక్షణ, ఏళ్ల తరబడి ఒక విభాగాన్ని నిలబెట్టడం లాంటి పనికి ఇది వస్తుంది. యుద్ధ కార్యకలాపాల్లో చేసిన విశిష్ట సేవకు 1980 నుంచి యుద్ధ సేవా మెడల్ అని వేరే వరస ఉంది.

జనం ఎక్కువగా పొరబడేది మిగతా పతకాల దగ్గర. నాన్నగారి ఫ్రేములో పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ చూసి మా వీధిలో అందరూ ఆయన్ని యుద్ధ వీరుడనేవారు. 'ఆ రోజుల్లో అక్కడ డ్యూటీలో ఉన్న వాళ్లందరికీ ఇచ్చారయ్యా' అని ఆయన నవ్వేసేవారు. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసిన వాళ్లకు పూర్వీ స్టార్, పడమటి రంగంలో వాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. ఆ యుద్ధంలో నేవీ శౌర్యం అంటే వేరే. డిసెంబరు 9న డయ్యూ దగ్గర ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. దాని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ విడిచి రాలేదు, మరణానంతరం మహావీర చక్ర అనే పెద్ద శౌర్య పతకం ఇచ్చారు. పెద్ద పతకాలు ఆఫీసర్లకే అని మనవాళ్లు అంటుంటారు గానీ, అదే యుద్ధంలో ఆఫీసరు కాని, లీడింగ్ సీమన్ అనే సెయిలర్ ర్యాంకులో ఉన్న చిమన్ సింగ్‌కూ మహావీర చక్ర వచ్చింది.

ఇక డబ్బు సంగతి. విశిష్ట సేవా మెడల్‌కు కేంద్రం నెలనెలా ఇచ్చే అలవెన్స్ లేదు. పెట్టెలో ముదురు నీలం రిబ్బన్ మధ్యలో సన్నటి తెల్ల గీత ఉన్నది కూడా ఉంటే అది నావోసేనా మెడల్, దాన్ని మాత్రం జాగ్రత్తగా చూడండి. ఒకే పతకాన్ని శౌర్యానికీ ఇస్తారు, కర్తవ్య నిష్ఠకూ ఇస్తారు. శౌర్యానికి వచ్చిందైతేనే అలవెన్స్, 2017 ఆగస్టు నుంచి నెలకు 2,000 రూపాయలు చేశారు. ఏ కోవలో వచ్చిందో పతకం చూస్తే తెలియదు, గెజిట్ ఆఫ్ ఇండియాలో ఉంటుంది. రాష్ట్రం తరఫున ఏమైనా ఉందేమో మీ జిల్లా సైనిక్ బోర్డులో అడగండి. తాతగారు సెయిలర్ అయితే ఆయన సర్వీసు రికార్డు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని కమోడోర్ బ్యూరో ఆఫ్ సెయిలర్స్ దగ్గర ఉంటుంది.

ఆ ఆఫీసుకు ఉత్తరం రాసేటప్పుడు పేరు మీద ఆధారపడకండి. మన తెలుగువాళ్ల ఇంటిపేరు డిశ్చార్జ్ బుక్కులో ముందు పొడి అక్షరంగా ఉంటుంది, ఒడిశా కాగితాల్లో అదే చివరికి వెళ్లి కూర్చుంటుంది. నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ అమ్మకు రావడానికి ఈ ఒక్క ముక్కతోనే ఎంత తిరిగామో చెప్పలేను. సర్వీసు నంబరు వేస్తే గొడవ ఉండదు. అది సాధారణంగా సేవా పతకాల అంచు చుట్టూ ర్యాంకు, పేరుతో సహా చెక్కి ఉంటుంది. భూతద్దం పెట్టి, పక్క నుంచి టార్చి వేసి చూస్తే అరిగిపోయిన అంకెలు కూడా కనబడతాయి. దీపపు కుందుల్ని తోమినట్టు చింతపండుతోనో పీతాంబరితోనో మాత్రం తోమకండి. అరిగేది మొదట ఆ అంకెలే. మెత్తటి పొడి గుడ్డ చాలు.

పేరు పక్కన రాయడం గురించి: బిరుదులు వద్దన్న రాజ్యాంగం 18వ అధికరణమే సైనిక, విద్యా గౌరవాలకు మినహాయింపు ఇచ్చింది. ఇంటి గేటు మీద తాతగారి పేరు తర్వాత వీఎస్‌ఎం (విశిష్ట సేవా మెడల్‌కు పొట్టి పేరు) అని నిశ్చింతగా రాయించండి. మీ పెళ్లి శుభలేఖలో మీ పేరు పక్కన మాత్రం వద్దు, మా బంధువుల్లో ఒకాయన ఆ పని కూడా చేశాడు.