ఆర్టిస్ట్ రెసిడెన్సీకి దరఖాస్తు: ముందు ఆ చోటు చూసి రండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎఫ్‌ఏ పెయింటింగ్ చివరి ఏడాదిలో ఉంది. దగ్గర్లోనే అడవి పక్కనున్న ఊళ్లో ఆరు వారాల ఆర్టిస్ట్ రెసిడెన్సీకి దరఖాస్తు చేస్తానంటోంది. ఊరివాళ్లతో, ప్రకృతితో కలిసి పనిచేయాలట. ఇది కెరీర్‌కు పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది. అయితే దీన్ని ఉద్యోగంగా లెక్కేయకండి. రెసిడెన్సీ అంటే కళాకారులు కొన్నాళ్లు ఒకచోట ఉండి తమ పని చేసుకునే అవకాశం. అందులో దొరికేవి సమయం, పనిచేసుకునే చోటు, కొన్నిచోట్ల స్టైపెండ్. రేపు మ్యూజియం ఎడ్యుకేషన్‌కో, పబ్లిక్ ఆర్ట్ పనులకో, ఫెలోషిప్‌కో వెళ్లినప్పుడు జనంతో కలిసి పనిచేయగలదని చూపించడానికి ఇది గట్టి ఆధారం.

దగ్గర్లో ఉండటమే ఇక్కడ పెద్ద వరం. దరఖాస్తుకు ముందే ఓ రెండు రోజులు వెళ్లి చూసి రమ్మనండి. చూడకుండా రాసిన ప్రపోజల్ ఇట్టే తెలిసిపోతుంది. 'గ్రామస్తుల్లో పర్యావరణ అవగాహన పెంచుతాను' అన్న వాక్యం ఏ ఊరికైనా సరిపోతుంది, అందుకే ఎవరినీ ఒప్పించదు. పైగా ఆ అడవి గురించి అక్కడివాళ్లకే ఎక్కువ తెలుసు. అదే 'ఊళ్లో నాలుగు చోట్ల మట్టి సేకరించి రంగులు చేస్తాను, ఏ మట్టిని దేనికి వాడతారో పెద్దవాళ్లను అడిగి ఆ రంగులతోనే ఊరి పటం గీస్తాను' అని రాస్తే పని కళ్లకు కడుతుంది. దాని పద్ధతి కూడా రెండు వాక్యాల్లో చెప్పాలి: మట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగగానే పైనున్న బురదనీటిని వేరే గిన్నెలోకి వంపి, రాత్రంతా తేరనిచ్చి, మిగిలిన మెత్తటి మట్టిని ఆరబెట్టి జిగురుతో నూరాలి. ఎండకు ఆరాలి కాబట్టి వానాకాలమైతే రోజులు ఎక్కువ వేసుకోవాలి.

ఎక్కువమంది తడబడేది పని పరిమాణం దగ్గరే. న్యూయార్క్ పారిశుద్ధ్య విభాగంలో ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్‌గా ఉన్న మియెర్ల్ లేడర్‌మన్ యూకెలీస్ 1979-80లో సుమారు 8,500 మంది కార్మికులను కలిసి, ఒక్కొక్కరితో చేయి కలిపి కృతజ్ఞత చెప్పారు. దానికి దాదాపు ఏడాది పట్టింది. మీ అమ్మాయికున్నవి ఆరు వారాలే. పరిచయాలకు మొదటి పది రోజులు, ప్రదర్శనకూ ఫొటోలకూ చివరి వారం పోగా చేతిలో మిగిలేది మూడున్నర వారాలు. పది మందితో సరిపెట్టుకున్నా చాలు, వాళ్లతో పని లోతుగా సాగుతుంది.

దరఖాస్తుతో పంపే పోర్ట్‌ఫోలియోకు, అంటే ఇప్పటిదాకా చేసిన పనుల నమూనాలకు, సాధారణంగా పది నుంచి ఇరవై చిత్రాలు అడుగుతారు. అన్నీ నింపాలని బలహీనమైనవి పెట్టొద్దు. ఒక్కోదానికి పేరు, ఏడాది, మాధ్యమం, కొలతలు రాయాలి. ఫొటో నీడలో, సమానమైన వెలుతురులో, ఫ్రేమ్ వంకర లేకుండా తీయాలి.

ఒప్పందంపై సంతకం చేసే ముందు మాత్రం నిర్వాహకులను కచ్చితంగా అడగాల్సినవి ఉన్నాయి. వసతి, ప్రయాణం, సామగ్రి ఖర్చు ఎవరిది? స్టైపెండ్ ముందే ఇస్తారా, చివర్లోనా? చివర్లో ఇస్తామంటే సామగ్రి డబ్బు మీరే ముందు పెట్టుకోవాలి. చేసిన పనులు ఎవరి దగ్గర ఉంటాయి, కాపీరైట్ ఎవరిది? ఒక పనిని వాళ్లకు ఇచ్చి రావడం మామూలే, అన్నిటి మీదా హక్కులు అడిగితే ఒప్పుకోవద్దు. వసతి ఎక్కడ, రాత్రిపూట తోడెవరుంటారు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం అన్నవి తల్లిదండ్రులుగా మీరు అడగడంలో తప్పేమీ లేదు.

అడవిలోంచి ఆకు, బెరడు, రాయి ఏది తేవాలన్నా అనుమతి అవసరమో కాదో ముందే కనుక్కోవాలి. రక్షిత ప్రాంతాల్లో రాలిన ఈక తీసుకోవడం కూడా నేరం కావచ్చు. యాక్రిలిక్ రంగులంటే ప్లాస్టిక్కే, కాబట్టి కుంచె కడిగిన నీళ్లు వాగులో పారబోయకూడదు. ముందు గుడ్డతో రంగంతా తుడిచి, ఆ తర్వాత బకెట్లో కడిగి, నీళ్లు ఆరిపోయాక అడుగున మిగిలిన ముద్దను చెత్తలో వేయాలి. మనుషుల ఫొటోలు, గొంతులు వాడుకోవాలంటే ఎక్కడ చూపిస్తారో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. పిల్లలైతే వాళ్ల తల్లిదండ్రుల దగ్గర తీసుకోవాలి.

ప్రదర్శన మొదట ఆ ఊళ్లోనే పెట్టమనండి, పనిలో పాలుపంచుకున్న వాళ్ల పేర్లు, వాళ్లు సరేనంటే, పక్కనే రాయమనండి. రెండు మూడు నెలలకు మళ్లీ వెళ్లి, తీసిన ఫొటోల ప్రింట్లు ఎవరివి వాళ్లకు ఇచ్చి రావాలి.